మా వీధి ఆవిడ

నడవడానికి కూడా ఒక సంఘం కావాలా అని నాకు మొదట్లో నవ్వొచ్చింది. పొద్దున లేస్తే ఆసుపత్రి లాండ్రీలో తడి దుప్పట్ల బండి తోసుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకి తిరిగేదాన్ని నేను. నా నడకకి ఇంతవరకూ ఎవరూ శభాష్ అనలేదు. అలాంటిది, ఆదివారం పూట బస్సెక్కి మరీ ఊరి బయటకి వెళ్ళి, పొలాల గట్ల మీద, చెట్ల నీడల్లో, గుట్టల మీద ఊరికే తిరిగి రావడానికి జనం పోగవుతారట. పైగా దానికి ‘తేలిక నడకలు’ అని పేరు. బరువు నడకలంటే ఏమిటో నన్నడిగితే చెబుదును.

కానీ ఆ నవ్వు మా చెల్లి ముందు నవ్వలేదు. దానికి కారణముంది.

మొగుడు ఇంకొకత్తెను తెచ్చుకుని దీన్ని పెట్టెతో సహా బయటకి పంపిస్తే, మా చెల్లి తిన్నగా నా దగ్గరకి వచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. సైకిల్ షాపు మీద రెండు గదులు మావి. వాటిలో ఒకటి ఆ రోజు నుంచి దానిదైంది. చలికాలం వచ్చింది, పోయింది, ఎండలు ముదిరాయి, అది మాత్రం లేవలేదు. బతిమాలాను, తిట్టాను, ఒకసారి విసుగెత్తి చెంబుడు నీళ్ళు కూడా గుమ్మరించాను. తడిసిన పరుపు ఆరబెట్టుకోవడం నాకు పనైంది తప్ప దానిలో చలనం లేదు. ఎవరైనా పలకరించడానికి వస్తే దుప్పటి నెత్తి మీదకి లాక్కునేది. తప్పు చేసినవాడు దర్జాగా తిరుగుతున్నాడు, ఇది మాత్రం సిగ్గుతో చచ్చిపోతోంది. ఎక్కడి న్యాయమో నాకర్థం కాదు.

చివరికి పక్కనున్న మందుల షాపు అమ్మాయి చెవినిల్లు కట్టుకుని పోరి, ఒక ఆదివారం దాన్ని ఆ నడక సంఘానికి లాక్కెళ్ళింది. సాయంత్రం వచ్చింది మా చెల్లి. బూట్ల నిండా బురద, మొహమంతా ఎండకి ఎర్రబడి ఉంది. పెట్టింది పెట్టినట్టు తిని, ఇంకాస్త వెయ్యమంది. నేను గుమ్మంలో కూర్చుని ఆ బూట్ల బురద గీకుతూ కళ్ళనీళ్ళు తుడుచుకున్నాను. ఆ తర్వాత అది ఒక్క ఆదివారమూ మానలేదు. అందుకని నడక సంఘమైనా సరే, నవ్వుల సంఘమైనా సరే, నా చెల్లిని మంచం మీంచి లేపినవాళ్ళు నాకు దేవుళ్ళే.

మొన్న ఆదివారం దానికి పరీక్ష. కొత్తగా నడక నడిపించబోయేవాళ్ళకి ఆ సంఘంలో ఒక పద్ధతుంది. అంతకుముందు ఎప్పుడూ రాని మనిషినొకర్ని వెంటబెట్టుకు రావాలి. నడక పూర్తయ్యాక సంఘం పెద్ద ఆ కొత్త మనిషిని అందరి ముందూ నిలబెట్టి, ఈవిడ వెనకాల మళ్ళీ నడుస్తారా అని అడుగుతాడు. నడుస్తాననాలి. ఆ ఒక్క మాట మీదే అంతా ఆధారపడి ఉంటుంది. నడుస్తానంటే ఇకమీదట ఆదివారాల బాధ్యత మా చెల్లికిస్తారు. దాని కోసం అది వారాల తరబడి ఒక్కతీ వెళ్ళి ఆ దారంతా తిరిగొచ్చింది. నిద్రలో కూడా ‘ఎడమవైపు, ఎడమవైపు’ అని కలవరించేది.

మందుల షాపు అమ్మాయి ఒకటి రెండు వారాలకే నడకలు మానేసింది గానీ, ఆమె మరదలు కొత్త మనిషిగా వస్తానంది. తీరా ఆదివారం పొద్దున జ్వరమని కబురు పంపింది. మా చెల్లి బూట్లు వేసుకుంటున్నదల్లా ఆగిపోయింది. మంచం వంక చూసింది. 

“నేనొస్తానే” అన్నాను.

వెంటనే సరేననలేదు. నన్ను కిందనుంచి పైదాకా ఒకసారి చూసింది. లాండ్రీ వాళ్ళిచ్చిన ప్యాంటు, పైన వదులు చొక్కా. నాకున్నవాటిలో గట్టి బట్టలు అవే.

“వస్తే రా గానీ అక్కా, అక్కడ నన్ను ఒసే గిసే అనకు.”

“అననులే.”

“గట్టిగా మాట్లాడకు.”

“మిషన్ల రొదలో పనిచేసీ చేసీ గొంతు ఇలా అయిందే. నేనేమైనా కావాలని అరుస్తానా?”

“అదే, కాస్త చూసుకో. ఇంకోటి. నువ్వు అక్కవని చెప్పకు. సొంతమనుషుల్ని తీసుకొస్తే లెక్కలోకి రాదు, అది వాళ్ళ రూలు. మా వీధి ఆవిడ అని చెప్తాను. నువ్వు కూడా నన్ను మీరు అనాలి.”

“అలాగేనండీ” అన్నాను.

అది ఫక్కున నవ్వింది. బస్సులో కూడా “మీరు కిటికీ పక్కన కూర్చోండి”, “అయ్యో, పర్లేదు, మీరు కూర్చోండి” అనుకుంటూ నవ్వుకున్నాం. చిన్నప్పుడు చుట్టాలాట ఆడుకున్నట్టే ఉంది. అది అంతగా నవ్వి ఎన్నాళ్ళయిందో. అక్కడికి చేరేసరికి నాకు ఆ రూలు మీద కూడా ప్రేమ పుట్టింది.

బస్సు దిగిన చోట ఓ పాతికమంది దాకా ఉన్నారు. అందరివీ మంచి బూట్లు, వీపుకి సంచులు, నెమ్మదైన మాటలు. సంఘం పెద్ద పళ్ళ డాక్టరు. ఎక్కడ నోరు తెరవమంటాడోనని నేను గట్టిగా మూసుకుని నిలబడ్డాను.

“వీరు మా వీధిలోనే ఉంటారండీ. మొదటిసారి వస్తున్నారు” అని చూపించింది మా చెల్లి. నేను బుద్ధిగా తలాడించాను. ‘వీరు’ అనిపించుకోవడం నాకు అదే మొదటిసారి.

ఆ తర్వాత అది అందరికీ నడక పద్ధతి చెప్పింది. ముందు తను నడుస్తుంది. దారి చీలిన ప్రతిచోటా తన వెనకున్న మనిషి ఆగి, వచ్చేవాళ్ళకి ఎటు తిరగాలో చూపిస్తూ నిలబడాలి. అందరికన్నా వెనక పసుప్పచ్చ కోటు వేసుకున్నాయన వస్తాడు. ఆ కోటు దాటి వెళ్ళిందంటే వెనక ఇంకెవరూ లేరని అర్థం. అప్పుడు నిలబడ్డ మనిషి కూడా కోటుతో కలిసి వచ్చేయవచ్చు. కోటు వచ్చేదాకా మాత్రం కాలు కదపకూడదు. చక్కటి ఏర్పాటే. కోటు వేసుకున్నాయన రిటైరైన పోస్టుమాన్. అందరూ ఆయన్ని పోస్టాయన అనే పిలుస్తున్నారు.

“మీరు వెనకాల నడవండి. అక్కడైతే తీరిగ్గా ఉంటుంది” అని మా చెల్లి నాతో అంది. ముందుంటే నోరు జారి ‘ఒసే’ అంటానని భయం. నా మీద నాకూ ఆ భయం ఉంది కాబట్టి సరేనన్నాను.

మొదట్లో అంతా పొలాలే. మొక్కజొన్న మోకాలెత్తు ఎదిగి ఉంది. గట్టు మీద ఒకరి వెనక ఒకరు నడుస్తుంటే పక్కన ఆకులు కాళ్ళకి రాసుకుంటున్నాయి. ముందునుంచి మా చెల్లి గొంతు వినిపిస్తోంది. ఇది పోయినేడు బీడు, ఇక్కడ కాలువ తవ్వాక సాగులోకి వచ్చింది, అదిగో ఆ పిట్ట గట్టులోనే బొరియ చేసుకుంటుంది, అని చెబుతోంది. నిలకడగా, తొణక్కుండా చెబుతోంది. అందరూ ఆగి వింటున్నారు. గోడవైపు తిరిగి పడుకున్న మనిషేనా ఇది అనిపించింది. పక్కనున్నవాళ్ళని పట్టుకుని అది నా చెల్లి అని చెప్పాలని నాలుక దురద పెట్టింది. కొరుక్కున్నాను.

వెనక పోస్టాయన, నేను, చేతికర్ర పట్టుకున్న ఒక పెద్దావిడ మిగిలాం. ఆవిడ ఒకప్పుడు సంగీతం పాఠాలు చెప్పేదట. మెల్లిగా నడుస్తుంది గానీ మాట మాత్రం చురుకు.

“ఆవిడదీ మీదీ ఒకే వీధా?” అనడిగాడు పోస్టాయన.

“ఆ. ఎదురుబొదురు” అన్నాను. అబద్ధం ఆడటం మొదలెట్టాక దానికో ఇల్లు కూడా కట్టాలి కదా.

“మంచిపని చేశారు వచ్చి. పోయినసారి పరీక్షకి నిలబడ్డ కుర్రాడు వాళ్ళమ్మని తెచ్చుకున్నాడు. పాపం, ఈవిడకి తెచ్చుకోవడానికెవరున్నారు.”

“అమ్మనా? సొంతమనుషులు పనికిరారటగా?”

“అలాగని ఎవరన్నారు? సొంతమనుషులైతేనే మొహమాటం లేకుండా ఉన్నమాట చెప్తారు. మా డాక్టరుగారు పెళ్ళాన్ని తెచ్చుకున్నాడు. మళ్ళీ నడుస్తారా అంటే ఆవిడ చచ్చినా నడవనంది. రెండోసారి నిలబడ్డాడు పరీక్షకి” అని నవ్వాడాయన.

నేను నవ్వలేదు. అంటే రూలు లేదు.

పెద్దావిడ అందుకుంది. “వెనకాముందూ ఎవరూ లేని పిల్ల. ఒక్కతే కూతురట. తండ్రి హెడ్మాస్టరట, ఇంటినిండా పుస్తకాలేనట. తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారట. తోడబుట్టినవాళ్ళు ఒక్కరున్నా బాగుండేదండీ అని నాతో అంది ఒకసారి. నాకు కడుపు తరుక్కుపోయింది.”

మా నాన్న గూడ్స్ షెడ్డులో మూటలు మోసేవాడు. మా ఇంట్లో అచ్చులో ఉన్న అక్షరాలంటే గోనెసంచుల మీదవే. అమ్మ పోయినప్పుడు మా చెల్లికి నడకే రాదు. దాన్ని చంకనేసుకునే నేను వంట చేశాను, నీళ్ళు మోశాను, వీధిలో ఆడాను కూడా. ఇన్నేళ్ళూ దానికి నేను అక్కనో అమ్మనో నాకే సరిగ్గా తెలియదు. ఇప్పుడు తెలిసింది, ఏదీ కాదని.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. లాండ్రీలో నా నోటికి సూపర్‌వైజరు కూడా పక్కకి తప్పుకుంటాడు. ఆ కోపం రావాల్సింది. రాలేదు. సిగ్గొచ్చింది. నా ప్యాంటు చూసుకున్నాను, మందు నీళ్ళకి తోలు లేచిన నా చేతులు చూసుకున్నాను.  దాన్ని తల దించుకునేలా చేసే మనిషిని నేనన్నమాట, అదే నాకు తెలియకుండా ఇన్నాళ్ళూ నడుం మీద చేతులేసుకుని తిరిగాను.

“ఎదురిల్లేగా, మీకు తెలిసే ఉంటుంది” అంది పెద్దావిడ.

“ఆ, తెలుసు. పాపం, ఎవరూ లేరు” అన్నాను.

నా నోటితో నేనే అన్నాను. అన్నాక ఇంకా సిగ్గేసింది.

పొలాలు అయిపోయిన చోట ముళ్ళతీగ కంచె ఉంది. దాన్ని దాటడానికి అటూ ఇటూ చెక్కమెట్లు వేశారు. అందరూ చక్కగా దాటారు. నా బుర్ర నా దగ్గరుంటేగా. పై మెట్టు మీద నుంచి కాలు అవతల పెట్టబోయి జారాను. ప్యాంటు వెనక తీగకి పట్టుకుంది. పర్రుమని శబ్దం వచ్చింది. నడుం కింద నుంచి మోకాలి వెనకదాకా చిరిగింది. లోపలిది లాండ్రీలో పారేసిన పాత దుప్పటి గుడ్డతో నేనే కుట్టుకున్న లాగు. దాని మీద ఆసుపత్రి ముద్ర కూడా ఉంది. ఇంతకన్నా చెప్పుకుంటే సిగ్గుచేటు.

పోస్టాయన మర్యాదస్తుడు. చప్పున మొహం అటు తిప్పుకుని, తన పసుప్పచ్చ కోటు విప్పి చెయ్యి వెనక్కి చాచి ఇచ్చాడు. “వేసుకోండి, మోకాళ్ళదాకా వస్తుంది” అన్నాడు. వేసుకున్నాను. చిరుగు గురించి ఒక్క మాట కూడా అనలేదాయన. ఆ అనకపోవడమే నేను భరించలేకపోయాను. పెద్దావిడ కాసేపు కూర్చుంటానంటూ చెక్కమెట్టు మీద కూర్చుంది, ఆయన ఆవిడకి తోడు నిలబడ్డాడు. నేను మాత్రం వాళ్ళిద్దరికీ కనిపించనంత దూరం పోతే చాలనుకుని గబగబా ముందుకి నడిచాను. బండ్లు తోసిన కాళ్ళు నావి. వాళ్ళు ఎప్పుడు కనుమరుగయ్యారో కూడా చూడలేదు.

కంచె దాటితే అడవి. లోపల చల్లగా, మసకగా ఉంది. ఎండుటాకుల మీద నా అడుగులే నాకు వినిపిస్తున్నాయి. మూడు దారులు కలిసిన చోట కళ్ళద్దాల అమ్మాయొకతె నిలబడి ఉంది. నన్ను చూడగానే “హమ్మయ్య, వచ్చేశారా” అని నాతోపాటు నడక మొదలెట్టింది. ఇంకాస్త దూరంలో ఇంకొకాయన. ఆయనా అంతే. నాకోసం ఇంతమంది ఆగి మరీ తోడొస్తున్నారు, ఎంత మర్యాదస్తులో అనుకున్నాను. తలొంచుకుని నడిచాను. ఒంటి మీదున్నది ఎవరి కోటు, అదెందుకు వేసుకుంటారు అని ఒక్క క్షణం ఆలోచిస్తే నా సొమ్మేం పోయేది. ఆలోచించలేదు. నా బుర్రనిండా ‘ఒక్కతే కూతురట’ అన్న మాటే ఉంది.

అడవి దాటాక గడ్డి గుట్ట. మరీ ఎత్తేం కాదు. పైన అందరూ కూర్చుని నీళ్ళు తాగుతున్నారు. మా చెల్లి నిలబడి వేలితో చూపిస్తూ లెక్కపెడుతోంది. లెక్క అయ్యాక మళ్ళీ మొదటినుంచి పెట్టింది. దాని మొహంలో రంగు మారింది.

“ఇద్దరు తగ్గారు. పోస్టాయనేడీ?”

“కోటు వచ్చేసిందిగా” అంది కళ్ళద్దాల అమ్మాయి. అంటూనే నా వంక చూసింది. ఆ తర్వాత అందరూ చూశారు.

అప్పుడర్థమైంది నాకు.  వెనక ఆ ముసలావిడ, ఆ పెద్దాయన, మూడు దారుల దగ్గర చూపించేవాళ్ళు లేకుండా నిలబడిపోయారు. భూమి చీలితే అందులోకి పోదామనిపించింది.

పళ్ళ డాక్టరు లేచాడు. “ఆ కోటు మీరెందుకు వేసుకున్నారమ్మా?”

పాతికమంది మొహాలు నావైపే ఉన్నాయి. చిరిగిన ప్యాంటూ, ముద్ర కొట్టిన లాగూ ఎలా చెప్పను. “చలేసిందండీ” అన్నాను. నెత్తి మీద ఎండ మాడ్చేస్తోంది. చెమట కారుతోంది నాకు.

ఎవరో కిసుక్కుమన్నారు. డాక్టరు మా చెల్లి వైపు తిరిగాడు. “మీరు తీసుకొచ్చిన మనిషేగా? ఎవరీవిడ?”

మా చెల్లి నన్ను చూడలేదు. “మా వీధి ఆవిడండీ. లాండ్రీలో పనిచేస్తారు. ఈ పద్ధతులవీ తెలియవు. తీసుకురావడం నాదే పొరపాటు.”

నిజమే కదా, పొద్దున మేమనుకున్న మాటలే. పొద్దున నవ్వొచ్చిన మాటలు మధ్యాహ్నానికి ఇలా అయ్యాయి.

“నేనూ వస్తాను వెతకడానికి” అని ఒక అడుగు వేశాను.

“వద్దండీ. మీరిక్కడే ఉండండి” అంది. నెమ్మదిగా, పరాయివాళ్ళతో మాట్లాడినట్టే అంది. అని, డాక్టర్నీ ఇంకొకాయన్నీ తీసుకుని గుట్ట దిగి పరుగులాంటి నడకతో అడవిలోకి వెళ్ళిపోయింది.

నేనొక రాయి మీద కూర్చున్నాను. కింద పొలాలు, అవతల అడవి చివర ఒక రంపపు మిల్లు రేకులు కనిపిస్తున్నాయి. చూడ్డానికి చక్కగానే ఉంది. నాకు దగ్గర్లో ఎవరూ కూర్చోలేదు. కోటు విప్పేద్దామంటే విప్పడానికి లేదు. తేలు కుట్టిన దొంగలా దాన్నే కప్పుకుని, ఆ ముసలావిడకేమీ కాకూడదని మొక్కుకున్నాను. ఆవిడకేమైనా అయితే మా చెల్లికి ఈ ఆదివారాలుండవు. ఆదివారాలు లేకపోతే మళ్ళీ ఆ గోడే దానికి. ఒక్కతే కూతురైతే అయింది, హెడ్మాస్టరు కూతురైతే అయింది, అది లేచి తిరిగితే చాలుననుకున్నాను. చాలా గట్టిగానే అనుకున్నాను గానీ మనసు సరేననలేదు.

చాలాసేపటికి అందరూ కలిసి వచ్చారు. మూడు దారుల్లో తప్పుదారి పట్టి వాళ్ళు రంపపు మిల్లు దగ్గరకి తేలారట. పెద్దావిడ కాలువలో కాలేసి మోకాలిదాకా బురదైంది, దెబ్బేమీ తగల్లేదు. ఆవిడ కులాసాగానే ఉంది. “ఆ దారి కూడా బాగుందర్రా” అంది.

“తప్పు నాది” అన్నాడు పోస్టాయన రాగానే, అందరికీ వినపడేలా. “కోటు నేనే ఇచ్చాను. కంచె దగ్గర ఆవిడ ప్యాంటు వెనకంతా చిరిగిపోయింది పాపం. సిగ్గుపడి చెప్పి ఉండదు.”

మంచి మనిషి, నన్ను కాపాడదామనే అన్నాడు. కాపాడేశాడు. ఇప్పుడు అందరూ హాయిగా నవ్వారు, నాతో సహా. నవ్వకపోతే ఏడవాలి కాబట్టి నవ్వాను. మా చెల్లి ఒక్కతీ నవ్వలేదు. కోటు అంచు కింద వేలాడుతున్న నా ప్యాంటు పీలిక వైపు చూసి చూపు తిప్పుకుంది.

“మన రాబోయే నాయకురాలు కంగారుపడలేదు” అన్నాడు డాక్టరు. “ఏ దారి ఎక్కడ తేలుతుందో తెలిసిన మనిషి గనక తిన్నగా మిల్లుకే తీసుకెళ్ళింది. నాకైతే అభ్యంతరం లేదు. ఇక కొత్తవారి మాట వినాలి.” నన్ను ముందుకి రమ్మన్నాడు. “చెప్పండమ్మా. మొహమాటం వద్దు. ఈవిడ వెనకాల మళ్ళీ నడుస్తారా?”

అప్పుడు చూసింది మా చెల్లి నన్ను. గుట్ట మీదకి వచ్చాక అదే మొదటిసారి. ఆ చూపు నాకు తెలుసు. చిన్నప్పుడు కుండ పగలగొట్టి, నాన్న వచ్చే వేళకి నా వెనక దాక్కుని అలాగే చూసేది. అప్పుడు నేనే పగలగొట్టానని చెప్పేదాన్ని.

“నడుస్తానండీ” అన్నాను. “ఆవిడ ఎక్కడికి తీసుకెళ్తే అక్కడికి.”

అందరూ చప్పట్లు కొట్టారు. మా చెల్లి వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపి, “థాంక్సండీ” అంది. దాని చెయ్యి చల్లగా ఉంది. పెద్దావిడ నా భుజం తట్టి, “ఎవరూ లేని పిల్ల, కాస్త కనిపెట్టుకుని ఉండండి” అని చెప్పింది. ఉంటానన్నాను.

తిరుగు బస్సులో అందరూ ఉన్నారు కాబట్టి అదెక్కడో ముందు కూర్చుంది, నేనెక్కడో వెనక కూర్చున్నాను. మా స్టాపులో ముందు అది దిగింది, వెనక నేను దిగాను. బస్సు వెళ్ళిపోయాక కూడా అలాగే, అది ముందు నేను వెనక, మాట్లాడకుండా ఇంటికొచ్చాం. అది మెట్లెక్కి తాళం తీసింది. గుమ్మంలోనే ఆగి వెనక్కి తిరిగింది.

“అక్కా, నన్ను నాలుగు తిట్టు.”

నేను మెట్ల మీదే ఆగాను.

“వాళ్ళు ఏదో మాటల్లో మీ నాన్నగారేం చేసేవారని అడిగారు. ఏదో వచ్చేసింది నోటికి. దాని వెనక ఇంకోటి చెప్పాల్సొచ్చింది. అక్క ఉందంటే ఎక్కడుంటుంది, ఏం చేస్తుంది అంటారు. అక్కడినుంచి మా ఆయన దాకా వస్తుంది. నిన్ను చూసి సిగ్గుపడి కాదు...” అని ఆగింది. ఆగి, “కొంచెం అది కూడా” అంది. “తిట్టక్కా. నువ్వు తిట్టకుండా ఉంటే నాకు భయమేస్తోంది.”

నిజం చెప్పింది. పోనీలే అనాల్సింది నేను. లేకపోతే నోరారా తిట్టాల్సింది. నా నోట ఏం వచ్చిందో చూడండి.

“తిట్టడానికి నేనెవర్నండీ?”

మెల్లిగా, మర్యాదగా అన్నాను. పొద్దుటినుంచి అలవాటైపోయిన ఆ గొంతుతోనే అన్నాను. అంటున్నప్పుడు ఒక్క క్షణం హాయిగా ఉంది. దాని మొహం చూశాక ఆ హాయి పోయింది.

అది లోపలికెళ్ళింది. సంచి తియ్యలేదు, బూట్లు విప్పలేదు. మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకుంది. మోకాళ్ళు ముడుచుకుని, చెయ్యి చెంప కింద పెట్టుకుని, ఆ ఏడాదంతా ఎలా పడుకుందో అచ్చం అలాగే.

నేను గుమ్మం పట్టుకుని నిలబడిపోయాను. అది నలుగురిలో ఉండి నన్ను కాదంది, పరువు పోతుందనే భయంతో కాదంది. నాకేం భయముంది? ఎవరూ చూడని చోట, నా ఇంట్లో, కావాలని దాన్ని కాదన్నాను. ఆ గుట్ట మీద చిరిగిన ప్యాంటుతో పాతికమంది ముందు నిలబడ్డప్పుడు కూడా నాకింత సిగ్గు వెయ్యలేదు. నేలకేసి చూస్తూ నిలబడ్డాను. ఏమని పిలవాలో తెలియలేదు. ‘ఒసే’ అందామంటే ఆ హక్కు నేనే వదులుకున్నట్టనిపించింది.

“అక్కా” అంది అది గోడవైపే తిరిగి. “సిగ్గుగా ఉంది.”

“నాకూనే” అన్నాను.

 కింద వీధిలో ఎవరో మాట్లాడుకుంటూ పోయారు. అది కాళ్ళు ఇంకాస్త ముడుచుకుంది. బూట్ల మడమలకున్న బురద, తడి బురద, మొన్ననే నేను ఉతికి పరిచిన తెల్లటి దుప్పటికి ఇంత పొడుగున అంటుకుంది.

“ఒసే, లేవవే” అని అరిచాను. ఆ అరుపు వీధి చివరదాకా వినపడే ఉంటుంది. “బూట్లతో మంచమెక్కుతావా, బుద్ధుందా నీకు? ఈ దుప్పటి ఎవరుతుకుతారనుకున్నావే?”

అది ఉలిక్కిపడి లేచి కూర్చుంది. ముక్కు ఎగబీల్చి, వంగి, బూట్ల తాళ్ళు విప్పుకోవడం మొదలెట్టింది.